పట్టా ఒకటి, దారులు అనేకం: కమ్యూనికేషన్ పీజీ చుట్టూ తెగని చర్చ

జర్నలిజంలోనో కమ్యూనికేషన్‌లోనో ఎంఏ చేసినవాళ్లు చివరికి ఎక్కడ స్థిరపడుతున్నారన్న ప్రశ్న తెలుగునాట చాలాకాలంగా నలుగుతోంది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవాళ్లకు వార్త రాయడం రాదని పత్రికల్లో పండిపోయిన పెద్దలు అంటారు. తాము తయారుచేసేది వార్తలు రాసేవాళ్లను మాత్రమే కాదని ఆచార్యులు అంటారు. చదివి బయటికొచ్చినవాళ్లేమో న్యూస్ డెస్కుల్లో, సమాచార శాఖల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ఐటీ కంపెనీల కంటెంట్ విభాగాల్లో, కళాశాలల్లో కనిపిస్తారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. చిక్కల్లా మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడమే. విలేకరి కావడానికి పట్టా కావాలా అన్నది ఒకటి. విశ్వవిద్యాలయం నేర్పేది పనికొస్తోందా అన్నది రెండోది. చదివినవాళ్లు వార్తా వృత్తిని వదిలి వేరే కొలువుల్లో చేరితే దాన్ని చదువు వైఫల్యంగా లెక్కించాలా అన్నది మూడోది. ఒకదానికి జవాబు చెప్పి మూడింటికీ చెప్పేశామనుకోవడం వల్ల వాదన ముందుకు కదలడం లేదు.

తరగతి గది లేని తరం

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. ముట్నూరి కృష్ణారావు బందరులో కృష్ణాపత్రికను దశాబ్దాలపాటు నడిపారు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో గోలకొండ పత్రికను నెలకొల్పారు. వీళ్లెవరూ పత్రికా రచనను తరగతిలో కూర్చుని నేర్చుకోలేదు. ఆంధ్రప్రభకూ, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతికీ సంపాదకత్వం వహించిన నార్ల వెంకటేశ్వరరావు తరానికీ అంతే. ఉద్యమం, సాహిత్యం, అనువాదం, ఆఫీసులో పెద్దల దిద్దుబాటు, వీటిలోనే ఆ తరం చేయి తిరిగింది. పని పనిలోనే వస్తుందనే వాదానికి ఇప్పటికీ ఉన్న నైతిక బలం ఈ పేర్ల నుంచి వస్తోంది.

అదే కాలంలో అమెరికాలో వేరే ఆలోచన రూపుదిద్దుకుంది. మిస్సోరీ విశ్వవిద్యాలయం 1908లో జర్నలిజం పాఠశాల తెరిచింది. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన నిధితో 1912లో కొలంబియాలో మరొకటి వెలిసింది. మన దేశంలో తొలి ప్రయత్నం 1920లో మద్రాసు అడయారులో అనీ బెసెంట్ చేశారు. 1941లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయం, 1947లో మద్రాసు విశ్వవిద్యాలయం, 1952లో నాగపూరు హిస్లాప్ కళాశాల ఈ చదువును చేపట్టాయి. 1954లో ఉస్మానియా వంతు వచ్చింది. తొలినాళ్లలో ఆ శాఖకు అమెరికన్ ఆచార్యుడు డి ఫారెస్ట్ ఓడెల్ సారథ్యం వహించారు.

ఈ పుట్టుక చిన్న విషయం కాదు. పాఠ్యప్రణాళిక నమూనా అమెరికాది, బోధనా మాధ్యమం ఇంగ్లిష్. అప్పట్లో దానివల్ల ఇబ్బందేమీ రాలేదు, ఎందుకంటే పట్టభద్రులు వెళ్లే చోట్లు కూడా ఎక్కువగా ఇంగ్లిష్‌వే: ఆంగ్ల దినపత్రికలు, వార్తా సంస్థలు, ప్రభుత్వ సమాచార పౌర సంబంధాల శాఖ, హైదరాబాదు చుట్టూ వెలిసిన ప్రభుత్వ రంగ పరిశ్రమల పీఆర్వో కార్యాలయాలు. తెలుగు దినపత్రికలు కొద్ది, వాటిలో ఖాళీలు ఇంకా కొద్ది. చదువు భాష ఒకటి, కొలువు భాష మరొకటి అయ్యే పరిస్థితి ఇంకా రాలేదు.

పేరు మారింది, గురీ మారింది

1960లలో 'కమ్యూనికేషన్' అనే మాట జర్నలిజం పక్కన చేరింది. ఎవరెట్ రోజర్స్ 1962లో నవకల్పనల వ్యాప్తిపై, విల్బర్ ష్రామ్ 1964లో మాధ్యమాలూ జాతీయాభివృద్ధీ అనే అంశంపై వెలువరించిన పుస్తకాలను కొత్తగా స్వతంత్రమైన దేశాల్లో విశేషంగా చదివారు. రేడియో, టీవీ ద్వారా వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ సందేశాలు పల్లెకు చేరితే పల్లె మారుతుందనేది వాటి సారం. 1965లో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో భారతీయ జనసంచార సంస్థ, అంటే ఐఐఎంసీని, ఈ వాతావరణంలోనే స్థాపించింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికన్ ఉపగ్రహం సాయంతో జరిగిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమాలు రూపొందించేవాళ్లు, ప్రభావాన్ని కొలిచేవాళ్లు, గ్రామస్థులతో మాట్లాడి తెలుసుకునే పరిశోధకులు కావాల్సి వచ్చారు. పత్రికా విలేకరికి ఇచ్చే శిక్షణ ఈ పనులకు చాలదు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988లో ఏర్పడిన సరోజినీ నాయుడు స్కూల్ ఈ విస్తృతార్థాన్ని మొదటినుంచీ ఎంచుకుంది. రంగస్థలం, నృత్యం, చిత్రకళలతో పాటు కమ్యూనికేషన్‌ను ఒకే గూటిలో పెట్టడంలోనే దాని ధోరణి తెలుస్తుంది. అక్కడ ఎంఏ విద్యార్థి వార్తతో పాటు వీడియో, రేడియో నిర్మాణం, మాధ్యమ సిద్ధాంతం చదువుతాడు. ఈ ధోరణి ఏ దారులు తెరిచిందో చెప్పడానికి కమ్యూనిటీ రేడియోను మించిన ఉదాహరణ లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో కేంద్రాలు నడపవచ్చునని ప్రభుత్వం 2006 విధానంలో ఒప్పుకుంది. 2008 అక్టోబరులో అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ప్రసారం మొదలైంది. కమ్యూనిటీ రేడియో కోసం సాగిన సుదీర్ఘ పోరాటాన్ని వినోద్ పావరాల, కాంచన్ మలిక్ 2007లో 'అదర్ వాయిసెస్' అనే పుస్తకంగా నమోదు చేశారు. ఇద్దరూ ఈ విశ్వవిద్యాలయపు ఆచార్యులే. 2011లో కమ్యూనిటీ మీడియాపై యునెస్కో పీఠం అక్కడికే వచ్చింది. ఒక కమ్యూనికేషన్ శాఖ ఉద్యోగాల కోసం ఎదురుచూడకుండా ఒక రంగం పుట్టుకలోనే భాగస్వామి కావడం మామూలు సంగతి కాదు. ఆ రంగంలో జీతాలు పెద్దవి కావు, ఉద్యోగాలు వేలల్లో లేవు. అయినా కమ్యూనికేషన్ చదువు విలువ లెక్కగట్టేటప్పుడు దీన్ని పక్కనపెట్టడం అన్యాయం.

పత్రికలే బడి పెట్టినప్పుడు

ఈలోగా తెలుగు పత్రికా రంగం విశ్వవిద్యాలయాలతో నిమిత్తం లేకుండా పెరిగిపోయింది. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, ముద్రణ కేంద్రాలను జిల్లాలకు విస్తరించి, 1989 నుంచి జిల్లా అనుబంధాలను ఇంటింటికీ చేర్చింది. ఆ పేజీలు నింపడానికి మండలానికో కంట్రిబ్యూటరు, వాళ్లు పంపినవి దిద్దడానికి పెద్ద డెస్కులు కావాలి. తెలుగులో వేగంగా, తప్పుల్లేకుండా, స్థానిక నుడికారంతో రాసేవాళ్లు విశ్వవిద్యాలయాల నుంచి ఆ సంఖ్యలో రాలేదు. ఇంగ్లిష్‌లో చదివినవాళ్లు తెలుగు కాపీ దిద్దడానికి కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చేది.

అందుకే సంస్థలు సొంత బడులు తెరిచాయి. ఈనాడు జర్నలిజం పాఠశాలకు భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ ప్రిన్సిపాల్‌గా వ్యవహరించడం గమనించాల్సిన విషయం. అక్కడ కేంద్రస్థానం భాషది. అనువాదం, వాక్య నిర్మాణం, శీర్షికలు, పదప్రయోగం, వర్తమాన వ్యవహారాలు, ఆపై డెస్కు పని. అభ్యర్థికి శిక్షణలోనే భృతి, తర్వాత ఉద్యోగం, బదులుగా కొంతకాలం సంస్థలోనే ఉంటానన్న ఒప్పందం. ఆంధ్రజ్యోతి, సాక్షి కూడా ఇదే పద్ధతిలో తమ తమ బడులు నడిపాయి. ప్రవేశానికి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, జర్నలిజం పీజీ ఉండి తీరాలన్న నియమం లేదు.

రెండు వ్యవస్థల్నీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. పత్రిక బడి తెలుగులో, కొన్ని నెలల్లో, ఒకే సంస్థ అవసరానికి తగ్గట్టు మనిషిని తయారుచేస్తుంది. విద్యార్థి మీద ఖర్చు పెట్టేది సంస్థే. విశ్వవిద్యాలయం రెండేళ్లలో, ఎక్కువగా ఇంగ్లిష్‌లో, పలు రంగాలకు సరిపడేలా, మాధ్యమ చట్టాలూ నైతికతా పరిశోధనా పద్ధతులతో సహా బోధిస్తుంది. పత్రిక బడి నుంచి వచ్చినవాడు మొదటి రోజే వార్త దిద్దగలడు. అతనికి ఇచ్చిన శిక్షణలో సంస్థ ప్రయోజనాలను ప్రశ్నించే పాఠం మాత్రం ఉండదు, ఉండాలని ఆశించలేం కూడా. ఆ పాఠం చెప్పగలిగేది విశ్వవిద్యాలయం ఒక్కటే.

వాదాలు, వాటి బలహీనతలు

పనే గురువు అనేవాళ్ల వాదం ఇప్పటికే చూశాం. దాని బలహీనత, పెద్దల చేతి కింద నేర్చుకునే అవకాశం ఎవరికి దొరికేదో అది చెప్పదు. ఆఫీసులోకి అడుగుపెట్టడానికే పరిచయమో, బంధుత్వమో, తీరికో ఉండాలి.

న్యాయవాదికీ వైద్యుడికీ ఉన్నట్టే జర్నలిస్టుకూ కనీసార్హత ఉండాలనేది రెండో వాదం. 2013 మార్చిలో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడిగా ఉన్న జస్టిస్ మార్కండేయ కట్జూ అర్హతలను సూచించడానికి ఒక కమిటీ వేసినప్పుడు దేశమంతా దీనిపై చర్చ జరిగింది. వ్యతిరేకించినవాళ్ల అభ్యంతరం బలమైనది: వాక్ స్వాతంత్ర్యం పౌరుడి హక్కు, దానికి లైసెన్సు పెడితే ఆ లైసెన్సు ఎవరి చేతిలో ఉంటుంది? గ్రామీణ కంట్రిబ్యూటర్ల సంగతి చూస్తే ఈ నిబంధన ఎంత కటువుగా తగులుతుందో అర్థమవుతుంది. చాలాచోట్ల వాళ్లు లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్తల కొలతను బట్టి, నామమాత్రపు డబ్బు తీసుకుంటూ పనిచేస్తున్నవాళ్లు. పీజీ చేసి రమ్మని వాళ్లను అడిగే హక్కు అలాంటి వేతనం ఇచ్చే రంగానికి లేదు.

మూడో పక్షం విశ్వవిద్యాలయాలది. కమ్యూనికేషన్ ఒక సామాజిక శాస్త్రం, దాన్ని ఉద్యోగ శిక్షణగా కుదించకూడదని వీళ్ల మాట. చరిత్రో, రాజనీతి శాస్త్రమో చదివినవాళ్లను ఏ ఉద్యోగంలో చేరారని నిలదీయని సమాజం, కమ్యూనికేషన్ చదివినవాళ్లను మాత్రమే ఎందుకు నిలదీయాలి అంటారు. ఈ మాటతో చాలావరకు ఏకీభవించవచ్చు. కానీ విద్యార్థి చేరేది ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకంతో. ప్రవేశ ప్రకటనల్లో మీడియా కొలువుల ఆశ చూపి, ఆ తర్వాత ఇది సామాజిక శాస్త్రం అనడం సరికాదు. శాఖలు ఈ రెండింటిలో ఏది వాగ్దానం చేస్తున్నాయో ముందే చెప్పాలి.

ఇంతకీ ఎక్కడున్నారు

1995లో ఈటీవీ, జెమినీ, 2003 చివర్లో ఈటీవీ-2, 2004లో టీవీ9, ఆ వెనకే మరెన్నో తెలుగు వార్తా ఛానళ్లు వచ్చాయి. ఒక దశాబ్దంపాటు జర్నలిజం చదివినవాళ్లకు అవి పెద్ద ఆసరా అయ్యాయి. కెమెరా ముందు, ఎడిటింగ్ గదిలో, అవుట్‌పుట్ డెస్కులో పని తెలిసినవాళ్ల కొరత ఉండేది. విశ్వవిద్యాలయ స్టూడియోలో చేసిన అభ్యాసం అప్పుడు నిజంగా అక్కరకొచ్చింది.

కానీ చేరినవాళ్లు నిలవలేదు. ఇక్కడ అప్పటి చట్టంలోని లోపాన్ని గుర్తించాలి. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికలకూ వార్తా సంస్థలకూ వర్తించింది. టీవీ, వెబ్‌సైట్లు దాని పరిధిలోకి రాలేదు. మజీఠియా వేతన మండలి సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయినా కాంట్రాక్టు నియామకాల వల్ల ఆ ఫలం కొత్తతరానికి పెద్దగా అందలేదు. 2020లో కరోనా దెబ్బకు పత్రికలు పేజీలు కుదించాయి, జిల్లా అనుబంధాలు చిక్కిపోయాయి, ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. ముప్పై దాటి, ఇల్లు నడపాల్సిన వయసులో వార్తా రంగాన్ని వదిలినవాళ్లను చూపించి చదువు వృథా అయిందనడం తొందరపాటు. వదిలించుకున్నది రంగమే.

వదిలినవాళ్లు వెళ్లిన చోట్లలో పట్టాకు నేరుగా విలువ ఉన్నవి కొన్ని ఉన్నాయి. యూపీఎస్సీ భర్తీ చేసే భారత సమాచార సేవ గ్రూప్-బి సీనియర్ గ్రేడ్ పోస్టులకు జర్నలిజం లేదా మాస్ కమ్యూనికేషన్‌లో డిగ్రీయో డిప్లొమానో అడుగుతారు. రాష్ట్రాల సమాచార పౌర సంబంధాల శాఖల్లో డీపీఆర్వో, ఏపీఆర్వో పోస్టులున్నాయి, నోటిఫికేషన్లు అరుదుగా పడినా. బోధనలోకి వెళ్లాలంటే యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టుకు వేరే పేపరుంది, అధ్యాపక పోస్టుకు పీజీ తప్పనిసరి. యునిసెఫ్ వంటి సంస్థల్లో సామాజిక ప్రవర్తనా మార్పు పేరిట జరిగే పనిలో పరిశోధనా పద్ధతులు తెలిసినవాళ్లు కావాలి.

పట్టా పేరు అడగకుండా అందులో నేర్పిన పనిని వాడుకునే చోట్లు వేరు. కార్పొరేట్ కమ్యూనికేషన్, ప్రకటనలు, హైటెక్ సిటీ కంపెనీల కంటెంట్ విభాగాలు, ఓటీటీ వేదికలు, యూట్యూబ్ ఛానళ్లు ఈ కోవలోవి. హైదరాబాదు నుంచే పనిచేస్తున్న ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థల వల్ల నిజనిర్ధారణ కూడా ఒక వృత్తిగా నిలదొక్కుకుంటోంది. వార్తను అనుమానించడం, మూలాన్ని వెతకడం, దత్తాంశాన్ని చదవడం అందులో రోజువారీ పని. రెండేళ్ల పీజీలో నేర్చుకున్నదానికి అచ్చంగా అతికే కొలువు ఇదేనని నా అభిప్రాయం.

విదేశీ చదువు సంగతి క్లుప్తంగా. అమెరికాకు వెళ్లే తెలుగు విద్యార్థుల్లో కమ్యూనికేషన్ ఎంచుకునేవాళ్లు తక్కువే. అభిరుచి లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే 12 నెలల గడువుకు స్టెమ్ కోర్సుల వాళ్లకు మరో 24 నెలలు కలుస్తాయి. కమ్యూనికేషన్ కోర్సుల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. అప్పు తీసుకుని వెళ్లే కుటుంబానికి ఆ రెండేళ్లు చాలా పెద్ద తేడా.

తలుపు ఎవరికి తెరుచుకుంది

పట్టా కావాలా వద్దా అని వాదించేవాళ్లు తరచు మరిచిపోయే కోణం ఒకటుంది. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి, ఎవరూ కనబడక, ఆ సంగతినే పయనీర్ పత్రికలో రాశారు. భారతీయ భాషా పత్రికలపై విస్తారంగా పరిశోధించిన రాబిన్ జెఫ్రీ కూడా న్యూస్‌రూముల్లో దళితులు లేకపోవడాన్ని ప్రముఖంగా ఎత్తిచూపారు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో కీలక నిర్ణయాలు తీసుకునే 315 మందిని పరిశీలిస్తే ఒక్క దళితుడు గానీ ఆదివాసీ గానీ లేరు.

ప్రైవేటు పత్రికకు రిజర్వేషన్ లేదు. పత్రిక బడికీ లేదు. విశ్వవిద్యాలయానికి ఉంది. ఉస్మానియాలో, కాకతీయలో, ఆంధ్రాలో, నాగార్జునలో, అనంతపురం శ్రీకృష్ణదేవరాయలో చేరే విద్యార్థుల్లో ఇంట్లో మొదటిసారి పీజీ గడప తొక్కినవాళ్లు ఎందరో. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు ఉండటం వల్ల, దూరం పంపడానికి జంకే ఇళ్ల ఆడపిల్లలకు ఒక దారి దొరికింది. పరిచయాలు లేనివాళ్లకు ఆ పట్టాయే పరిచయం. పనే గురువు అన్న వాదాన్ని నేను పూర్తిగా అంగీకరించలేకపోవడానికి ప్రధాన కారణం ఇదే. తరగతి గది ఎత్తేస్తే మిగిలేది ప్రతిభ ఒక్కటే కాదు, పాత పలుకుబడి కూడా.

అయితే తలుపు తెరవడం వేరు, లోపల నిలబెట్టడం వేరు. హాస్టల్లో ఉండి ఎంఏ చేసిన విద్యార్థి జీతం లేని ఇంటర్న్‌షిప్‌ను ఆరు నెలలు భరించలేడు. హైదరాబాదులో గది అద్దె కట్టుకోగలిగినవాడే నిలబడతాడు. ఈ వడపోతను విశ్వవిద్యాలయాలు గట్టిగా ప్రశ్నించాల్సింది, ఆ పని జరగలేదు.

ఇంకా తేలనివి

మొదటిది కొలమానం. జాతీయ ర్యాంకుల పద్ధతిలో పట్టభద్రుల ఫలితాలకు మార్కులున్నాయి, అందులో మధ్యస్థ జీతం ఒక లెక్క. ఆ కొలతకు సంఘం రేడియోలో పనిచేసే పట్టభద్రురాలు నష్టం, ఏ కంపెనీకో ప్రకటనలు రాసేవాడు లాభం. పైగా ప్లేస్‌మెంట్ జాబితా మొదటి ఉద్యోగాన్నే చెబుతుంది. పదో ఏట ఎక్కడున్నారో చెప్పే లెక్క లేకుండా ఈ వృత్తి గురించి ఏం తేల్చినా అది అరకొరే.

కృత్రిమ మేధ రెండోది. 2023 జూలైలో బిగ్ టీవీ 'మాయ' అనే కృత్రిమ యాంకర్‌ను తెర మీదకు తెచ్చింది. యాంకర్ల కన్నా ముందు ముప్పు ఉన్నది అనువాదం, సారాంశం, శీర్షికల పని చేసే డెస్కుకు. కొత్తవాళ్లు చేరి నేర్చుకునే మెట్టు అదే. ఆ మెట్టు పోతే పత్రిక బడులకే ఎక్కువ దెబ్బ, ఎందుకంటే వాళ్ల శిక్షణంతా ఆ పనుల చుట్టూ అల్లుకున్నది.

కోర్సు వ్యవధి గురించి కూడా అస్పష్టత ఉంది. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు ఏడాది పీజీ చాలునని 2020 జాతీయ విద్యావిధానం అంటోంది. సిద్ధాంతం, స్టూడియో, ఇంటర్న్‌షిప్, పరిశోధనా వ్యాసం, ఇన్నీ ఒక్క ఏడాదిలో ఎలా ఇమడ్చాలో ఏ శాఖకూ సులువుగా తేలే విషయం కాదు.

వీటన్నిటికన్నా లోతైనది భాష. కొలువులు తెలుగులో పెరిగాయి, చదువు ఇంగ్లిష్‌లోనే మిగిలింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం జర్నలిజాన్ని తెలుగులో చెప్పడానికి పూనుకుంది, దూరవిద్య ద్వారా పనిలో ఉన్న విలేకరులకూ చేరింది. హైదరాబాదులోని ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. అయినా మాధ్యమ సిద్ధాంతం, చట్టం, పరిశోధనా పద్ధతులపై పీజీ స్థాయికి తగిన తెలుగు పుస్తకాలు చాలినన్ని లేవు. తెలుగులో పూర్తిస్థాయి ఎంఏ నడిపితే విద్యార్థికి జాతీయ అవకాశాలు మూసుకుపోతాయని ఒక పక్షం భయపడుతోంది. అలా నడపకపోతే తెలుగు మీడియాలో సగటు పల్లె విద్యార్థికి చోటు దొరకదని మరో పక్షం అంటోంది. ఈ తగవు తీర్చగల అనుభవం దూరాన లేదు. గచ్చిబౌలిలో 1998 నుంచి నడుస్తున్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఎంఏను ఉర్దూ మాధ్యమంలోనే బోధిస్తోంది. అక్కడ చదివినవాళ్లు ఏ భాషా మీడియాలో ఇమిడారు, ఎవరు ఇంగ్లిష్ వైపు దాటగలిగారు, వాళ్లకు ఏ పుస్తకాలు సరిపోయాయి, ఏవి సరిపోలేదు అన్నది తెలుగు శాఖలు ముందుగా వెళ్లి అడగాల్సిన విషయం. తెలుగులో సాగే వాదోపవాదాల్లో దాని ప్రస్తావన రావడం మాత్రం ఇప్పటికీ అరుదు.